తూము దగ్గర కావలి

మన కాలేజీలో ఏ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ప్రిన్సిపాలుగారి కంటే అటెండరుకే బాగా తెలుసు. లైబ్రరీ చెవి ఒకరి దగ్గర, ల్యాబు చెవి మరొకరి దగ్గర ఉంటాయి. స్పోర్ట్స్ రూము చెవి మాత్రం ఎప్పుడూ ఎవరి దగ్గరా ఉండదు! చెవి పోతే మారుచెవి చేయించుకోవచ్చు. తలుపే విరిగితే వడ్రంగిని పిలవవచ్చు. నేను మాత్రం 2021 నుంచి గోడలూ తలుపులూ లేని ఒక ఇంటికి తాళంచెవి మోస్తున్నాను. ఆ ఇల్లు నాది కాదు. అందులో ఉన్న సరుకును ఎవరైనా పైసా ఇవ్వకుండా తీసుకుపోవచ్చు. విప్పి చూడవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. "అందరికీ తెరిచి పెట్టినదానికి తాళమెందుకయ్యా?" అని హాస్టల్లో చాలామంది మిత్రులు అడిగారు. వాళ్ళకు విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక, ఈ సావనీరు పుటలను ఆశ్రయిస్తున్నాను.

ఓపెన్ సోర్సు అనే మాట కంప్యూటర్ సైన్సు మిత్రులకు కొత్త కాదు. తెలుగు, చరిత్ర, వాణిజ్య శాఖల వారికి మాత్రం ఒక్క ముక్క చెప్పాలి. మామూలుగా కంపెనీలు ప్రోగ్రాములను అమ్ముతాయి గాని అవి ఎలా రాశారో చూపించవు. వండిన కూర గిన్నెలో పెట్టి ఇస్తారు, వండే పద్ధతి మాత్రం గుట్టు. ఓపెన్ సోర్సులో ఆ గుట్టు ఉండదు. రాసిన ప్రతి పంక్తీ బాహాటం. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్ది పంపవచ్చు. ఆ పంక్తులన్నింటినీ భద్రపరిచే చోటును రిపాజిటరీ అంటారు. మన మాటల్లో భాండాగారం అనుకుందాం. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ పని కోసం గిట్ అనే సాధనాన్ని తయారుచేశాడు. ఏ పంక్తిని ఏ పేరుతో ఎవరు ఏ రోజున మార్చారో అది చిట్టా రాసిపెడుతుంది. ఆ భాండాగారాలను 2008లో మొదలైన గిట్‌హబ్ వంటి చోట్ల ఉంచుకుంటాం. దిద్దుబాటు ఎవరైనా పంపవచ్చు. దాన్ని అసలు ప్రతిలో కలిపే హక్కు మాత్రం కొద్దిమందికే ఉంటుంది. ఆ కొద్దిమందినే మెయింటెయినర్లు, అంటే నిర్వాహకులు అంటారు. ఈ వ్యాసకర్త అటువంటి ఒక అతి చిన్న భాండాగారానికి అతి చిన్న నిర్వాహకుడు.

మా సరుకేమిటంటారా? తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ సెంటర్లు చాలా ఏళ్ళపాటు ఎవరి ఫాంటుతో వారు టైపు చేశాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలిసిన కిచిడీ కనిపిస్తుంది. ఆ కిచిడీని మళ్ళీ చదువుకోదగ్గ తెలుగుగా మార్చే ప్రోగ్రాము మాది. వినడానికి సులభమే. చేయబోతే తెలుస్తుంది. కొన్ని ఫాంట్లలో క్రారవడి హల్లు కంటే ముందే వచ్చి కూర్చుంటుంది. ఒత్తులు పలికే వరసలో గాక కంటికి కనిపించే వరసలో ఉంటాయి. ఒక్క గుణింతాక్షరం రెండు మూడు ముక్కలై ఉంటుంది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని సరిగా నిలబెట్టడానికి మా సీనియర్ ఒక ఆదివారమంతా ఖర్చుపెట్టాడు. దాని మీద హాస్టలంతా ఆయన్ని ఎన్నాళ్ళు ఏడిపించారో చెప్పనలవి కాదు.

ఈ పని 2016లో మొదలుపెట్టింది ఆయనే. 2021లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ నాకు అప్పగించాడు.

"పాస్‌వర్డ్ కాగితం మీద రాసియ్యన్నా" అన్నాను.

"పాస్‌వర్డ్ ఇచ్చేది కాదురా. నా చెవి నా దగ్గర్నే ఉంటది. నీ పేరు మీద నీకు వేరే హక్కు ఇస్త. రేపు ఏదన్న జరిగితే ఎవరి చేత్తో జరిగిందో చిట్టాల కనబడాలె" అన్నాడు.

ఈ విద్యలో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది. ఒకే ఖాతాను నలుగురు వాడుకుంటే, నష్టం జరిగిన రోజున నలుగురూ నిర్దోషులే!

ఇక్కడ మా తాత సంగతి కొంచెం చెప్పాలి. ఆయన మా ఊళ్ళో నీరుగంటి. చెరువు కట్ట మీద తిరగడం, తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎప్పుడు నీళ్ళు పారాలో చూడడం ఆయన పని. పంట నూర్చాక రైతులు కల్లం దగ్గర ఆయనకు ఇన్ని గింజలు కొలిచేవారు. చెరువులో ఒక్క చుక్క ఆయనది కాదు. కట్ట మీద ఎండ్రకాయ బొక్క కనబడితే చాలు, మట్టి తెచ్చి పోసి మడమతో తొక్కి గాని కదిలేవాడు కాదు. "ఇంత చిన్న బొక్కకు ఇంత తిప్పలా తాతా?" అంటే, "గండి పడేది ఇసొంటి కాడనే బిడ్డా" అనేవాడు.

నా పని కూడా అదేనని నాకు అనిపిస్తుంది. గింజలు కొలిచేవారు లేరు, అంతే తేడా! నీళ్ళు అందరివీ, కావలి నాది. ఇక తాళమెందుకు అన్న ప్రశ్నకు జవాబు తేలికే. నీళ్ళు ముంచుకోవడానికి తాళం లేదు. నీళ్ళలో ఏదైనా కలపడానికే తాళం. ఎవడో నా పేరుతో లోపలికి దూరి, ప్రోగ్రాములో ఒక దొంగ పంక్తి కలిపాడనుకోండి. మర్నాడు దాన్ని దించుకుని తన ఆఫీసు కంప్యూటరులో నడిపించే చిన్న ప్రచురణకర్తకు నా ముఖం తెలియదు. నాకు ఆయన ఊరు తెలియదు. మా ఇద్దరి మధ్యా ఉన్నదల్లా నమ్మకం. దానికే ఈ కావలి.

ఇదంతా ఊహించుకున్న భయం కాదు. 2018 జూలైలో ఈఎస్‌లింట్-స్కోప్ అనే ప్రోగ్రాముకు జరిగింది చూడండి. దాని నిర్వాహకుల్లో ఒకరు ఒకే పాస్‌వర్డును వేరే చోట్ల కూడా వాడారు. ఆ వేరే చోటు నుంచి పాస్‌వర్డు బయటికి పొక్కింది. రెండో తాళం వేసి లేదు. దొంగ దర్జాగా లోపలికి వచ్చి, వాడుకరుల రహస్య సంకేతాలను కాజేసే ప్రతిని విడుదల చేశాడు. ఇక 2022 మేలో సీటీఎక్స్ అనే పైథాన్ ప్రోగ్రాము కథ ఇంకా విచిత్రం. దాని కర్త తన ఈమెయిలు కోసం పెట్టుకున్న డొమైన్ పేరు గడువు తీరిపోయింది. మరొకడు ఆ పేరును కొనుక్కుని, 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అని అడిగి, వచ్చిన ఉత్తరం అందుకుని ఖాతాలోకి ప్రవేశించాడు. ఖాళీచేసిన ఇంటికి కొత్తగా దిగినవాడు, పాత అద్దెకున్నాయన మనియార్డరు సంతకం పెట్టి తీసుకున్నట్టు!

అందుకే ఇప్పుడు పాస్‌వర్డుకు తోడు రెండో తాళం ఉంటుంది. 2023 నుంచి గిట్‌హబ్ తన దగ్గర కోడ్ కలిపేవారికి దీన్ని దశలవారీగా తప్పనిసరి చేస్తూ వచ్చింది. మామూలుగా అది ఫోనులో ముప్పై సెకన్లకోసారి మారే ఆరంకెల సంఖ్య. మంచిదే గాని, దానికీ విరుగుడు పుట్టింది. 2025 సెప్టెంబరులో ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్టు ఉమ్మడి గిడ్డంగిలో పేరున్న ఒక నిర్వాహకుడికి ఒక ఉత్తరం వచ్చింది. "మీ రెండో తాళం పాతబడింది, వెంటనే కొత్తది పెట్టుకోకపోతే ఖాతా మూసేస్తాం" అని దాని సారాంశం. అడ్రసు చూడబోతే అచ్చు అసలుదానిలాగే ఉంది, చివరి ముక్క తప్ప. ఆయన ఆ దొంగ పేజీలో తన పాస్‌వర్డూ, ఆ ఆరంకెలూ నింపాడు. క్షణాల్లో వాటితో దొంగ అసలు తలుపు తీశాడు. చాక్, డీబగ్ మొదలైన పద్దెనిమిది ప్రోగ్రాములు కల్తీ అయ్యాయి. వాటిని వారానికి రెండువందల కోట్ల సార్లకు పైగా జనం దించుకుంటారు. పక్కవారు త్వరగా పసిగట్టబట్టి రెండు గంటల్లోనే కట్ట వేయగలిగారు.

ఈ సంగతులన్నీ గమనించి మేం చేసుకున్న ఏర్పాట్లు పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ప్రతి చోటా వేరు వేరు పాస్‌వర్డులు, అవి గుర్తుపెట్టుకోవడానికి ఒక పాస్‌వర్డ్ మేనేజరు ఉన్నాయి. ఆరంకెల బదులు యూఎస్‌బీలో పెట్టే చిన్న సెక్యూరిటీ కీ ఉంది. అడ్రసు ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ కీ నోరు విప్పదు. మనిషి కన్ను మోసపోయినా అది మోసపోదు. ఫోనూ కీ రెండూ పోతే పనికొచ్చే రికవరీ కోడ్లను కాగితం మీద అచ్చువేసి, డిగ్రీ సర్టిఫికెట్లతో పాటు మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంచాను. "ఇవేమిట్రా?" అని అమ్మ అడిగితే "ఇంకో సర్టిఫికెట్" అన్నాను. యంత్రాలకిచ్చే టోకెన్లకు గడువు పెట్టాం. ఒక్కొక్క టోకెనుకు ఒక్క పని చేసే హక్కు తప్ప రెండో పని అంటనివ్వలేదు.

ఇంతవరకూ తాళాల గొడవ. తాళం ఎంత గట్టిదైనా, లోపలివాడే తలుపు తీస్తే ఏం చేస్తాం? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక సంగతి బయటపెట్టాడు. దూరపు కంప్యూటరులోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు ఆయన దగ్గర మామూలు కంటే సుమారు అర సెకను ఎక్కువ పడుతోంది. ఇంకొకరైతే కాఫీ తాగి మరిచిపోయేవారు. ఈయన తీగ లాగాడు. డొంక ఎక్స్‌జెడ్ అనే చోట కదిలింది. అది ఫైళ్ళను కుదించే ప్రోగ్రాము. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. దాని 5.6.0, 5.6.1 విడుదలల్లో ఎవరో దొంగదారి తవ్విపెట్టారు. అప్పటికి అది కొన్ని లైనక్స్‌ల ప్రయోగాత్మక ప్రతుల్లోకి మాత్రమే చేరింది కాబట్టి లోకం బతికిపోయింది.

ఎవరు తవ్వారు? జియా టాన్ అనే పేరుతో 2021 నుంచి ఎంతో వినయంగా దిద్దుబాట్లు పంపుతూ వచ్చిన వ్యక్తి. ఆ పేరు వెనక ఎవరున్నారో నేటికీ తేలలేదు. ఆ ప్రోగ్రామును ఏళ్ళ తరబడి దాదాపు ఒంటిచేత్తో మోస్తున్న నిర్వాహకుడి మీద 2022లో ఎవరో తెలియని పేర్లతో ఒత్తిడి మొదలైంది. "ఆలస్యం చేస్తున్నావు, చేతకాకపోతే ఇంకొకరికి అప్పజెప్పు" అని ఉత్తరాలు. ఇది జీతం లేని అభిరుచి పని అనీ, తన మానసిక ఆరోగ్యం చాలాకాలంగా బాగోలేదనీ ఆయన బాహాటంగానే జవాబు రాశాడు. చివరికి చేయి అందించిన మనిషికి క్రమంగా హక్కులన్నీ వెళ్ళిపోయాయి. విషపు ముక్కను పరీక్షల కోసం ఉంచిన ఫైళ్ళ మాటున దాచారు. దాన్ని మేల్కొలిపే పంక్తులను విడుదల చేసే మూటలో మాత్రమే పెట్టారు. భాండాగారంలో వెతికితే అవి కనబడవు.

ఆ వార్త చదివిన రాత్రి నాకు దొంగ మీద వచ్చిన కోపం కన్నా, ఆ అలసిన మనిషి మీద కలిగిన జాలి ఎక్కువ. గండి పడింది తాళంలో కాదు. తూము దగ్గర ఒక్కడే నిలబడి నిలబడి అలిసిపోయిన మనిషిలో.

మా భాండాగారానికి ఈ కథతో చుట్టరికం లేకపోలేదు. 2023 నుంచి ఒక అపరిచితుడు మాకు దిద్దుబాట్లు పంపుతున్నాడు. తానొక ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరయ్యానని రాశాడు. ఱకారం, అరసున్న, వలపలగిలక వంటి పాత అచ్చు చిహ్నాల సంగతి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. ఎక్స్‌జెడ్ సంగతి బయటపడిన రెండు నెలలకు ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. "బాబూ, మీకు థీసిస్ పనులున్నట్టున్నాయి. విడుదల చేసే హక్కు నాకిస్తే మీకు శ్రమ తగ్గిస్తాను" అని. అదే వారంలో వేరొకరెవరో "కొత్త విడుదల ఎప్పుడు? చేయలేకపోతే చేసేవాళ్ళకివ్వండి" అని కాస్త కటువుగా రాశారు.

మిత్రులారా, నా స్థితి ఆలోచించండి. అదే వరస, అవే మాటలు! ఆయన నిజంగా పెద్దాయనైతే, అనుమానించడం ఎంత పాపం? కాకపోతే, నమ్మడం ఎంత ప్రమాదం? ఆయన పని చూసి నమ్మొచ్చు కదా అంటారేమో. జియా టాన్ కూడా రెండేళ్ళకు పైగా మంచి పనే చేశాడు. ఆధార్ కార్డు పంపమని అడగనా? దొంగకు దొంగకార్డు దొరకదా? పైగా అడిగితే, నిజాయితీ గల మనిషి మనసు విరిగి వెళ్ళిపోడా? అపరిచితులు చేయందించబట్టే ఓపెన్ సోర్సు బతుకుతోంది. అపరిచితులందరినీ గుమ్మంలోనే ఆపేస్తే, చెరువుకు నీళ్ళొచ్చే వాగును మనమే పూడ్చినట్టు.

మూడు రాత్రులు ఆలోచించాక ఒకటి తట్టింది. 'ఈయన్ని నమ్మాలా వద్దా' అనే ప్రశ్నే తప్పు ప్రశ్న. నన్ను మాత్రం జనం ఎందుకు నమ్మాలి? రేపు నా ల్యాప్‌టాప్ ఎవడైనా కొట్టేస్తే? పరీక్షల ముందు నిద్రలేని రాత్రి నేనే ఏదో దొంగ పేజీలో వివరాలు నింపితే? బ్యాంకులో క్యాషు పెట్టెకు రెండు చెవులుంటాయి. ఒకటి క్యాషియరు దగ్గర, ఒకటి ఆఫీసరు దగ్గర. క్యాషియరు దొంగ అని కాదు. ఏ ఒక్కరి మీదా అంత బరువు పెట్టకూడదని.

ఆ వారాంతంలో సీనియర్‌కు ఫోను చేశాను. "అన్నా, నువ్వు పని చెయ్యకపోయినా సరే, రెండో కన్నుగా ఉండాలె" అన్నాను. సరేనన్నాడు. అసలు ప్రతికి కాపలా నియమం పెట్టాం. ఎవరు రాసిన మార్పునైనా మరొకరు చదివి సరే అంటేగాని అది కలవదు. ఎవరి రాతకు వారు ఆమోదం ఇచ్చుకోకూడదు. నిర్వాహకులకు ఈ నియమం దాటిపోయే వెసులుబాటు ఉంటుంది. దాన్ని కూడా తీసేశాం. అంటే నా చేతులు నేనే కట్టుకున్నానన్నమాట. విడుదల మూటను ఎవరి కంప్యూటరులోనూ చేత్తో కట్టం. ఇద్దరు సరేనన్నాక, భాండాగారంలో అందరికీ కనబడే పంక్తుల నుంచే యంత్రం కడుతుంది.

ఇవన్నీ వివరంగా రాస్తూ ఆ పెద్దాయనకు జవాబిచ్చాను. "విడుదల హక్కు ఒక్కరుగా ఇకమీద ఎవరికీ ఉండదండీ, నాకు కూడా లేదు. మా ముగ్గురిలో ఒకరుగా మీ కన్ను కావాలి" అని. ఏమనుకుంటాడోనని రెండు రోజులు బెంగపడ్డాను. మూడో రోజున జవాబు వచ్చింది.

"దీనికి నాకు కోపమెందుకు బాబూ? రెండో కన్ను పడకుండా మా ప్రెస్సులో ఒక్క ఫారం కూడా మిషను ఎక్కేది కాదు. నేను దిద్దిన ప్రూఫు ఇంకొకరు చూసేవారు, వాళ్ళది నేను చూసేవాణ్ణి. ప్రింటు ఆర్డరు మీద సంతకం మూడోవాళ్ళది. తన ప్రూఫులో తప్పు తనకు కనబడదు."

ఆయనను నేను ఇప్పటికీ చూడలేదు. నిజంగా ప్రెస్సు మనిషేనా అంటే, నా దగ్గర రుజువు లేదు. కాని ఆ రోజు నుంచి ఆయన మీద అనుమానం అన్నది నా మనసులోంచి పోయింది. ఎందుకంటే దాని అవసరమే పోయింది. మేం అరసున్నల గురించి హాయిగా పోట్లాడుకుంటున్నాం. ఆయన నన్ను 'బాబూ' అంటాడు, నేను 'గురువుగారూ' అంటాను. తాళమంటే మనుషుల మధ్య అడ్డుగోడ అని లోకం అనుకుంటుంది. నాకు అనుభవమైంది వేరు. సరైన చోట వేసిన తాళం వల్లనే, ముక్కూ ముఖం తెలియని మనిషితో మనసు విప్పి మాట్లాడగలిగాను.

మన లెక్చరర్లకు ఒక మనవి. ప్రోగ్రాము రాయడం నేర్పినట్టే, రాసినదాన్ని కాపాడడం కూడా మా పాఠాల్లో ఒక గంటయినా చెప్పించండి. పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఆఫీసుల్లో రోజూ ఉచితంగా వాడుకునే ప్రోగ్రాముల వెనక ఎక్కడో ఎవరో ఒంటరిగా కాపలా కాస్తున్నారు. 'ఎందుకింత ఆలస్యం' అని రాసే ముందు, 'ఓపిక ఉందా, చేయి వేయమంటారా' అని ఒక్క ముక్క రాయండి.

ఇక జూనియర్లకు. వచ్చే ఏడాది నేను థీసిస్ సమర్పించి, సీనియర్ వెళ్ళినట్టే ఊరు విడిచిపోతాను. నా చెవి నా దగ్గరే ఉంటుంది, రెండో కన్నుగా ఉంటాను. కాని రోజూ కట్ట మీద తిరిగి ఎండ్రకాయ బొక్కలు చూసేవాళ్ళు కావాలి. ప్రోగ్రామింగులో పండితులే కానక్కర్లేదు. తెలుగు అక్షరం అంటే ప్రేమ, ఇంకొకరు తన పని దిద్దితే చిన్నబుచ్చుకోని మనసు ఉంటే చాలు. జీతం లేదు, గింజలు కూడా లేవు. సాయంత్రం ఆరు దాటాక రీసెర్చ్ హాస్టల్లో ఎప్పుడైనా కనబడతాను. ఒక్కరుగా రాకండి, ఇద్దరు కలిసి రండి.